పదహారు ఇళ్ళకు ఒకే పేరు

అంగారకుడి మీద ఊపిరి కూడా పేరు చెప్పుకొని తీసుకోవలసిందే. కుజపురంలో ప్రతి ఇంటి గోడలోనూ పెసరగింజంత ప్రాసెసర్ ఒకటి అమర్చి ఉండేది. అది క్షణక్షణమూ తన గుర్తింపు సంఖ్యను గాలి కేంద్రానికి విన్నవించుకునేది. కేంద్రం ఆ సంఖ్యను పోల్చుకొని ఆ ఇంటి వాటా గాలిని గొట్టంలోకి వదిలేది. ఒకే సంఖ్య రెండు ప్రాసెసర్లకు ఉండటానికి వీల్లేదు.

"ఉంది మేడమ్!" అంటూ ప్రాసెసర్ల ప్రయోగశాలలోకి పరుగెత్తుకొచ్చాడు గాలి కేంద్రం ఇంజనీరు శేషుబాబు. "ఆరో వీధి మొత్తం ఒకే సంఖ్య చెబుతోంది. పదహారు ఇళ్ళూ!"

డాక్టర్ ఇందుమతి తెర వైపు దూకింది. కేంద్రం దృష్టిలో పదహారు ఇళ్ళు కరిగి ఒక్క ఇల్లయిపోయాయి. ఒక్క ఇంటికి సరిపడే గాలి పదహారిళ్ళు పంచుకుంటున్నాయి. పీడనం తగ్గగానే రక్షణ తలుపులు వాటంతటవే బిగుసుకున్నాయి. బయట ధూళి తుపాను.

"గంటసేపు సరిపోతే గొప్ప," అన్నాడు శేషుబాబు. "మా అమ్మ అక్కడే ఉంది."

ఇందుమతి ఆరో వీధికి మైకు కలిపింది. శేషుబాబు తల్లి వరహాలమ్మ పలికింది. ఆమె విజయనగరం నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా, ఆమె మాట మాత్రం ఆ నేలను వదలలేదు.

"ఏట్రా శేషూ, గాలి సన్నబడిపోతంది?"

"అమ్మా, ఎవరైనా వచ్చి ప్రాసెసర్లు ముట్టుకున్నారా?"

"ఎవుళో ఎందుకొస్తార్రా? మేమే మార్చుకున్నాం. పోయిన తుపానుకి వీదంతా ఆగిపోతే పన్నెండో ఇల్లొక్కటే ఆడింది కాదేటి? అందరం అక్కడే దూరి బతికినాం. అది కలిసొచ్చిన నంబరు. పొద్దున్న మంచి ముహూర్తం ఉందని అన్ని ఇళ్ళకీ ఒక్కపాలే ఎక్కించీసినాం."

ఇందుమతి నుదురు పట్టుకుంది. ఒక్కొక్కరే మార్చుకొని ఉంటే మొదటి నకలు దగ్గరే కేంద్రం గంట మోగించేది. ముహూర్తం ఆ అవకాశాన్ని కూడా మింగేసింది.

"ఏ పంచాంగం ప్రకారం పెట్టారమ్మా?" అని అడక్కుండా ఉండలేకపోయింది.

"బూమిదే తల్లీ. ఇక్కడ సందమామలు రెండు గదా, తిథులు కుదరట్లేదు."

"పాత సంఖ్యలు?"

"సెరిపీసినాం. పాతవి ఉంచుకుంటే కీడంట."

శేషుబాబు కుర్చీలో కూలబడ్డాడు. పేరు లేని ఇంటికి కేంద్రం గాలి ఇవ్వదు. పేర్లేమో చెరిగిపోయాయి; ఏ ప్రాసెసర్‌ది ఏ సంఖ్యో ఇప్పుడు కేంద్రానికీ తెలియదు.

"రాసిన పేరు చెరిగింది. పుట్టుకతో వచ్చింది చెరగదు," అంది ఇందుమతి. ఆమె కళ్ళు మెరిశాయి. "గవాక్షీ, జన్మముద్ర పరీక్షకు సిద్ధం కా."

గవాక్షి ఆ ప్రయోగశాలను నడిపే యంత్రం. జన్మముద్ర ఇందుమతి కనిపెట్టినది. సంఖ్య ఉండగా ఈ ముద్ర దేనికని కాలనీ పాలకమండలి రెండుసార్లు పక్కన పెట్టింది. ఎంత జాగ్రత్తగా చేసినా సిలికాన్ పలకలో పరమాణువుల స్థాయిలో హెచ్చుతగ్గులు మిగులుతాయి. వాటి మూలంగా ఒకే అచ్చులో పోసిన రెండు ప్రాసెసర్లలో కూడా విద్యుత్తు ఒకే వేగంతో పరుగెత్తదు. కొన్ని ప్రశ్నలు వేస్తే ప్రతి ప్రాసెసరూ తనదైన తీరులో జవాబిస్తుంది. ఆ జవాబు దానిలో ఎక్కడా రాసి ఉండదు కనుక ఎవరూ దొంగిలించలేరు, నకలు తీయలేరు. ప్రతి ప్రాసెసరూ తయారైన రోజున ఇచ్చిన జవాబులు గవాక్షి దగ్గర భద్రంగా ఉన్నాయి.

"మొదటి ఇల్లు. జవాబు వచ్చింది," అంది గవాక్షి. "నూటికి మూడు పాళ్ళు తప్పు. తిరస్కరించనా?"

"వద్దు! ఇళ్ళు చల్లబడుతున్నాయి. చలికి సిలికాన్ కూడా తడబడుతుంది. పాత జవాబుల్లో అన్నిటికన్నా దగ్గరగా ఏది పోలుతుందో చూడు."

"పోలింది. అసలు సంఖ్య తిరిగి రాశాను."

తెర మీద ఒక ఎర్ర చుక్క పచ్చబడింది. తర్వాత రెండోది, ఆ వెనకే మూడోది. శేషుబాబు ఒక్కొక్క చుక్కకూ బల్ల చరుస్తున్నాడు. తల్లి ఉన్న తొమ్మిదో ఇల్లు పచ్చబడగానే మైకులోంచి పెద్ద నిట్టూర్పు వినబడింది.

"గాలొచ్చిందిరా నాయనా! ముహూర్తం మంచిదే!"

ఇందుమతి పగలబడి నవ్వింది. ఇరవయ్యేళ్ళ శ్రమ ఒక్క గంటలో పదహారు కుటుంబాలను బతికించింది.

"ఒక విచిత్రం," అంది గవాక్షి. "పన్నెండో ఇంటి ముద్ర కూడా వేరే సంఖ్యకే పోలింది. తుపానులో ఆగకుండా ఆడిన ప్రాసెసర్ ఇప్పుడు ఆ ఇంట్లో లేదు. మరమ్మతుల్లో దాన్ని తీసి కొత్తది బిగించి, పాత సంఖ్యే రాశారు."

"మరి అసలుది ఎక్కడుంది?"

"బాగుచేసి మురుగునీటి పంపులో బిగించారు."

ఇందుమతి ఆనందం పట్టలేకపోయింది. ఇన్నాళ్ళూ వీధి వీధంతా కొలిచింది ఉత్త అంకెలను! మూఢనమ్మకానికి ఇంతకన్నా శుభ్రమైన నిరూపణ ఏముంటుంది? ఆ సాయంత్రమే కాలనీ అంతటికీ వినబడేలా, జన్మముద్రతో సహా, అన్నీ పూసగుచ్చినట్టు వివరించింది.

మర్నాడు ఉదయం మురుగునీటి పంపు గది ముందు వరుస వంపు తిరిగి గాలి కేంద్రం దాకా సాగింది. పంపుకు పసుపు పూసి ఉంది. ముక్కులు మూసుకొనే మొక్కుతున్నారు. వరుసలో ఎక్కడో శేషుబాబు తల దించుకొని నిలబడ్డాడు. ముందు నిలుచున్న వరహాలమ్మ ఇందుమతిని చూడగానే ముక్కు మీది కొంగు తీసి, రెండు చేతులూ పట్టుకుంది.

"సల్లగా ఉండు తల్లీ. ఎవుళూ నకలు తియ్యలేని ముద్ర కనిపెట్టినావు. ఇక మేము మోసపోయి దొంగదానికి మొక్కే బయం లేదు."