ఏడో పాఠం చివరి లెక్క

మాస్టారిని చంపిన సూది దోమ కుట్టినంత గుర్తు కూడా మిగల్చలేదు.

పొద్దున్న పది గంటలకి, వేళ్ళు ఇంకా కీబోర్డు మీద ఉండగానే పోయాడాయన. పక్కన కాఫీ పొగలు కక్కుతూనే ఉంది. పాతికేళ్ళుగా ఆయన చేసిన పని ఒక్కటే. ప్రోగ్రామర్ల కోసం పాఠాలు రాసి వెబ్‌సైటులో ఉచితంగా పెట్టడం. సాఫ్ట్‌వేర్ డిజైన్ ఎలా చెయ్యాలి, నాలుగైదు కంప్యూటర్లు కలిసి ఒక్క బుర్రతో ఎలా పనిచెయ్యాలి, ఇవీ పాఠాలు. నాలుగు లక్షల మంది వాటిని చదివి ఉద్యోగాల్లో చేరారు. చదివారంటే, నమూనా కోడ్ కనపడగానే కాపీ కొట్టి తమ ఆఫీసుల్లో అతికించారన్నమాట.

ఆ మధ్యాహ్నమే గూఢచారి శాఖ చీఫ్ ఒక ఫైలు బల్ల మీదికి విసిరాడు.

"ఏమయ్యా నత్తా, చదువుతావా?"

ఏజెంటుకి ఆ పేరు ఊరికే రాలేదు. ఒక పేజీకి గంట పడుతుంది. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతాడు.

"ఇది సరిహద్దవతలి చెదల ముఠా పని. వీళ్ళు బాంబులు పెట్టరు, లోపల్నించి తొలిచేస్తారు. మాస్టారి ఏడో పాఠంలో ఏదో మార్చారు. ఆయన కనిపెట్టాడు. పోయాడు. ఏం మార్చారో మన నిపుణులు పదిమందికీ అంతుపట్టలేదు."

"పదిమందీ పాఠం చదివారా సార్?"

"కోడ్ చూశారు."

"చదివారా అని అడిగాను."

చీఫ్ దగ్గాడు. "అందుకేగా నిన్ను పిలిచింది."

సాయంత్రం నత్త ఇంట్లో భోజనాల బల్ల ముందు కూర్చున్నాడు. పాఠం సంగతేమిటంటే, ఐదు సర్వర్లుంటాయి. ఏ నిర్ణయమైనా వాటిలో ఇన్ని ఒప్పుకుంటేనే అమలవుతుంది. ఎన్ని? నమూనా కోడ్‌లో రెండు అని ఉంది. పాఠం చివర్లో ఒక లెక్క. మాస్టారు పోయిన పొద్దున్నే టైపు చేసింది.

"ఐదింట్లో రెండు ఒప్పుకుంటే చాలనుకోండి. మధ్యలో తీగ తెగి రెండు ఇటూ, మూడు అటూ అయిపోతే ఏం జరుగుతుంది? ప్రమాదం తప్పాలంటే ముందే కనీసం ఎన్నిటిని ఆపాలి?"

కింద చిన్న అక్షరాలు: పాఠం తెరిచినవారు నాలుగు లక్షలు. లెక్క చేసినవారు సున్నా.

"ఏమే, ఓ ఐదు చెంచాలియ్యి."

పెట్టె సర్దుకుంటున్న భార్య చెంచాలు తెచ్చి బల్ల మీద పడేసింది. "రేపు మధ్యాహ్నం రైలుకి నేను చెల్లెలింటికి పోతుంటే, మీరు చెంచాలాటకి కూర్చున్నారా?"

నత్త చెంచాల మధ్య దారం పరిచాడు. ఇటు రెండు, అటు మూడు. ఎవరికి వాళ్ళకే బలముంది. ఇద్దరూ యజమానులే, ఒకే విషయం మీద రెండు ఆజ్ఞలు! ఒక చెంచా తీశాడు. రెండూ రెండూ. అదే గతి. ఇంకోటి తీశాడు. మూడే మిగిలాయి. దారం ఎక్కడ వేసినా రెండు చెంచాలు ఒక పక్కనే ఉంటాయి, రెండో పక్క నోరు మూసుకోవాల్సిందే.

సగానికి మించి, అంటే మూడు ఉండాల్సిన చోట ఎవరో రెండు పెట్టారు.

చెంచాల సంగతితో సహా జవాబు వెబ్‌సైటులో రాసి చీఫ్‌కి ఫోన్ చేశాడు. కానీ ఆ కోడ్ ఎన్ని ఆఫీసుల్లో ఉందో ఎవరికి తెలుసు? మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి ముఠా సందేశం ఒకటి పట్టుబడ్డాకే తెలిసింది. "నాలుగూ పదికి తీగ తెగుతుంది. వంతెన మీద కలుద్దాం."

ఒంటి పట్టాల వంతెన. అంటే ఆ కోడ్ ఉన్నది రైల్వే సిగ్నళ్ళ ఆఫీసులో. అటు నుంచి పెట్రోలు గూడ్సు, ఇటు నుంచి ప్యాసింజరు. రెండింటికీ పచ్చలైటు పడుతుంది. ప్యాసింజర్లో నత్త భార్య ఉంది. ఫోన్ చేస్తే స్విచాఫ్. ప్రయాణమంటే ఫోనుని సంచి అడుక్కి తొయ్యడం ఆవిడ అలవాటు. కోడ్ సరిచెయ్యాలంటే గంట పడుతుంది.

నాలుగూ ఆరుకి ఏసీ మెకానిక్ వేషంలో నత్త సర్వర్ గదిలోకి దూరాడు. చల్లగా, శవాల గదిలా ఉంది. గాజుగోడకి ఇటు రెండు సర్వర్లు, అటు మూడు. వాటిని కలిపే తీగ ఎక్కడో నేల కింద పోతోంది.

"మెకానిక్ గారూ, బయట మబ్బు పట్టిందా?"

శాఖ రహస్య సంకేతం. మూలన ఒకామె నిలబడి ఉంది. కొప్పులో వెండి సూది, పెదాల మీద చిరునవ్వు. చెదల ముఠాలో మన శాఖ నాటిన మనిషి. బయటి లోకానికి మాత్రం వీడియోల్లో ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పే కోకిలక్క.

"గొడుగు తెచ్చాను," అన్నాడు నత్త.

"నాలుగో సర్వర్ ఒక్కటే వాళ్ళ చేతిలో పడింది. దాన్ని ఆపెయ్యండి, చాలు."

గాజుగోడ దాటి ప్లగ్ పీకాడు. నాలుగు దీపాలు మిగిలాయి. ఇటు రెండు, అటు రెండు. గడియారంలో నాలుగూ ఎనిమిది.

"ఇంకోటి కూడా పీకుతానక్కా."

"వద్దు! సిగ్నళ్ళన్నీ చచ్చిపోతాయి."

వెనకాలే గాజుగోడ దాటొచ్చిన ఆమె వైపు నత్త మెల్లగా తిరిగాడు. "ఈ పాఠం వందసార్లు చెప్పావు. నాలుగుంటే ఏమవుతుందో నీకు తెలీదా?"

చిరునవ్వు ఆరిపోయింది. "లెక్క చేశావా? ఎవరూ చెయ్యరే! పోయే ముందు ఆ ముసలాయన ఏదో టైపు చేస్తున్నాడని చూశాను. లెక్కే కదా అని వదిలేశాను."

కొప్పు విడిపోయింది. వెండి సూది ఆమె చేతిలో మెరిసింది. నత్త జేబులోంచి శాఖవాళ్ళిచ్చిన పొగ పెన్ను తీసి నొక్కాడు. పొగ రాలేదు. ప్రభుత్వ పెన్ను కదా, సిరా కక్కింది. అదీ ఆమె కళ్ళలోకి. సూది అతని చెవి పక్కనుంచి పోయి గోడకి గుచ్చుకుంది. నత్త పడుతూనే కాలు చాచి ఐదో సర్వర్ ప్లగ్‌ని తన్నాడు.

నాలుగూ పది. తీగ తెగింది.

అటు మిగిలిన ఒంటరి సర్వర్ దీపం పసుపుపచ్చగా మారి నోరు మూసుకుంది. ఇటు రెండూ ఒక్క మాట మీద నిలిచాయి. గోడ మీది బోర్డులో గూడ్సుకి పచ్చ. ప్యాసింజరుకి... ఎరుపు.

రెండు నిమిషాలకి ఫోన్ మోగింది.

"ఏమండీ, వంతెన ముందర రైలాగిపోయింది. ఎక్కడున్నామో చూద్దామని ఫోను తీశాను. ఏ తలమాసినవాడు వేశాడో ఆ ఎర్రలైటు!"

"ఎవడో ఉంటాడులే," అన్నాడు నత్త. అవతల, అప్పుడే వచ్చిన శాఖవాళ్ళు కోకిలక్కకి బేడీలు వేస్తున్నారు.

మర్నాడు ప్రభుత్వం సర్క్యులర్ పంపింది. ప్రోగ్రామర్లందరూ ఏడో పాఠం లెక్క స్వయంగా చెయ్యాలి, వారం గడువు. వారం తిరక్కుండా నాలుగు లక్షల జవాబులొచ్చాయి. అన్నీ సరైనవే.

చీఫ్ సంబరంగా మొదటిది తెరిచాడు. రెండోది తెరిచాడు. పదోది తెరిచి ఫైలు మూసేశాడు. పెళ్ళికాని కుర్రాళ్ళ నుంచి ఆడపిల్లల దాకా అందరి జవాబూ ఒకే వాక్యంతో మొదలైంది: "మా ఆవిడ ఐదు చెంచాలిచ్చింది."