వైపరు ఎక్కిళ్లు

"వియ్యాలవారికి" అని రాశావా? అయ్యో, అది కొట్టెయ్ అమ్మడూ. ఆయన ఇంకా ఊఁ అనలేదు. ఆశకి కూడా ఒక మర్యాద ఉండాలి. "గడియారాల మేస్త్రీ గారికి" అని రాయి. ఆఁ, అంతే.

మీ నాన్న పోయినవారం వెళ్లి, మాటకి మాట పెంచి, కుదరబోయే పనిని కాస్తా చెడగొట్టి వచ్చాడు. పోనీ నేను వెళ్దామంటే నా మాట నత్తనడక. నమస్కారం పూర్తి చేసేలోపు ఆయన షట్టర్ దించేస్తాడు. అందుకే నేను చెబుతాను, నువ్వు రాయి. నవ్వకుండా రాయి.

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. "నా కూతురు నెలంతా ఏడవడం నేను కళ్లారా చూశాను. ఏడిపించినవాడికే ఇమ్మంటారా?" అన్నాడట. ఆయన చూసింది ఆ ఒక్క నెలే. మిగతాదంతా నేను చూశాను, బండి అద్దంలో.

మీ అన్నకి ఒక డాన్స్ మ్యూజిక్ గుంపు ఉంది కదా. ఉండు, "మీ అన్న" అంటే మేస్త్రీ గారికి తికమక. "చిన్నోడు" అని రాయి. వాళ్లు గుంపుకి పెట్టుకున్న పేరు నాకు నోరు తిరగదు. నేను మోతమేళం అంటాను. అందులో ముగ్గురు. కంప్యూటర్ మీద దరువు కట్టేది చిన్నోడు. లైట్లూ వైర్లూ చూసేవాడు నిద్రగన్నేరు. వీపుకి సీటు తగిలితే చాలు, ముడుచుకుపోతాడు. పాడేది మేస్త్రీ గారి అమ్మాయి. గొంతు ఖంగుమంటుంది కాబట్టి అందరూ కంచు అంటారు. ముగ్గురినీ, వాళ్ల సామాన్నీ వ్యాన్‌లో వేసుకుని ఊరూరా తిప్పే డ్రైవర్ని నేను.

ఆ అమ్మాయి మొదటిసారి నా బండెక్కిన రోజు వాన. అప్పటికి మేళంలో ఇద్దరే. మబ్బుకి పట్టపగలే చీకటి పడిపోయింది. ఎర్ర లైటు దగ్గర ఆగితే, ఎవరో తలుపు లాక్కుని ఎక్కేశారు. చూద్దును కదా, నెత్తిమీంచి ధారలు కారుతూ ఒక పిల్ల.

"బస్టాండ్‌కి ఎంత?"

"ఇది షేర్ బండి కాదండీ," అన్నాడు చిన్నోడు.

"మరి ఇంతమంది ఎందుకున్నారు?"

"మేం ఇద్దరమే! అవి స్పీకర్లు."

"అవునా? వాటిని మనుషులనుకున్నా. ఆయన్ని సామాననుకున్నా," అంది నిద్రగన్నేరుని చూపిస్తూ.

"మేడమ్, మీ జడ! మీ జడలోంచి నీళ్లు నా కీబోర్డ్ మీద పడుతున్నాయి!"

"అయితే గొడుగు పట్టండి."

"దేనికి? జడకా, కీబోర్డ్‌కా?"

"రెంటికీ పట్టలేనంత చిన్న గొడుగా మీది?"

అద్దంలో చూస్తే మనవాడు ఒక చేత్తో కీబోర్డ్ వెనక్కి లాక్కుంటూ, రెండో చేత్తో గొడుగు విప్పుతున్నాడు.

అప్పట్లో నా వైపరుకి ఒక జబ్బు ఉండేది. టక్-సర్, టక్-సర్ అని బుద్ధిగా తిరుగుతూ తిరుగుతూ, మధ్యలో ఒక్కసారి ఆగి, వణికి, ఎక్కిళ్లు వచ్చినట్టు ఎగిరి అవతల పడేది. అది చూసి ఆ పిల్ల, "తాతయ్యా, మీ వైపరుకి మంచినీళ్లు పట్టండి!" అని పకపకా నవ్వింది. ఏం నవ్వు అమ్మడూ! బండి రేకులు అదిరాయి. నిద్రగన్నేరు లేచి కూర్చున్నాడంటే ఇంక నువ్వే ఊహించుకో.

వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "సారీ తాతయ్యా. నువ్వు నవ్వితే నా గడియారాలన్నీ ఆగిపోతాయే అనేవారు మా నాన్న, చిన్నప్పుడు," అంది.

వాన చప్పుడు పట్టుకుందామని చిన్నోడు మైక్ ఆన్ చేసి పెట్టుకున్నాడట. వైపరూ, దాని ఎక్కిళ్లూ, ఆ నవ్వూ మొత్తం అందులో పడ్డాయి. తర్వాత వాడు దాని కింద దరువు కట్టాడు. అమ్మాయిని వెతికి పట్టుకుని, బతిమాలి, పైన రాగం పాడించాడు. అదే వాళ్ల మొదటి హిట్టు. ఎంత పెద్ద మైదానమైనా సరే, ఎక్కిళ్లు వచ్చేచోట జనం మొత్తం ఊపిరి బిగబట్టి నిలబడిపోయేవారు. నవ్వు రాగానే ఒక్కసారి ఎగిరేవారు.

ప్రేమ అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. కానీ నా అద్దానికి అబద్ధం రాదు. ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగితే వీడు చూస్తాడు. వీడు ఫోన్‌లో తల దూరిస్తే ఆ అమ్మాయి చూస్తుంది. పొరపాటున ఇద్దరి చూపులూ తగిలితే, బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కినట్టు ఇద్దరూ ఎగిరిపడతారు. వెనక వచ్చే బళ్లు చూసుకోవడానికి పెట్టిన అద్దం, బళ్లు తప్ప అన్నీ చూసింది.

ఇలా ఉండగా పాటల కంపెనీ వాళ్లు, మేళం హిట్లన్నీ ఏరి గ్రేటెస్ట్ హిట్స్ సీడీ ఒకటి వేస్తామన్నారు. పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉండదు. ఒకదాని తోక ఇంకోదాని తలలో కలిసిపోతుంది. మొదలెడితే చివరిదాకా గెంతుతూనే ఉండాలి. చిట్టచివర వైపరు పాట.

అందరూ సంబరపడాల్సిన వేళ. సరిగ్గా అప్పుడే ఇద్దరికీ మాటలు పోయాయి. కంపెనీ పంపిన నమూనా ఎవరింట్లో వాళ్లు విన్నారు, అంతే. ఆ అమ్మాయి ఓడలో పాడే ఉద్యోగానికి వెళ్తానంది. ఒకసారి ఎక్కితే ఏడాది దాకా తిరిగిరాదట.

"వెళ్లనీ, ఆమె ఇష్టం," అన్నాడు చిన్నోడు. అని, కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా లేచిపోయాడు. ఏమైందిరా అంటే ఏం లేదు తాతయ్యా. ఏమైందమ్మా అంటే ఏం లేదు తాతయ్యా. ఏమీ లేనిదానికే మనుషుల బుగ్గలు అలా పీక్కుపోతాయా?

వాళ్లకో పద్ధతి ఉంది అమ్మడూ. కొత్త పాట ఏదైనా నా బండిలో విన్నాకే బయటికి వెళ్లాలి. నా బండి స్పీకర్లలో బాగున్న పాట ఎక్కడ పెట్టినా బాగుంటుందని చిన్నోడి సిద్ధాంతం. ఆ రోజూ అంతే. సీడీ వింటూ కంపెనీకి వెళ్లాలి, సాయంత్రం అయిదులోపు ముగ్గురూ సరే అనాలి. అయిదు దాటితే అది ఫ్యాక్టరీకి వెళ్లిపోతుంది. అక్కడినుంచి ఆ అమ్మాయిని ఓడ ఆఫీసు దగ్గర దించాలి, సంతకం పెట్టడానికి. నా బండిలోనే!

ఎప్పుడూ మధ్య సీట్లో కూర్చునే అమ్మాయి, ఆ రోజు అన్నిటికన్నా వెనక, స్పీకర్ చాటున కూర్చుంది. చిన్నోడు నా పక్కన. మధ్యలో నిద్రగన్నేరు అప్పటికే ముడుచుకున్నాడు.

ఒక్కో హిట్టూ అయిపోతోంది. ఒక్కరూ తల ఊపరు. పచ్చ లైటు కనబడితే నా కాలు బ్రేకు మీదికి పోతోంది. ఎర్ర లైటు పడితే మనసులోనే దణ్ణం పెట్టుకుంటున్నాను.

"తాతయ్యా, కాస్త తొందరగా పోనివ్వు."

"వానకి రోడ్డు జారుతుందిరా."

"ఇంకా చినుకే పడలేదు."

"పడుతుందిలే!"

నా మొర విన్నట్టే పడింది. చివరి పాట మొదలైంది. నేను వైపరు వేశాను. పాటలో టక్-సర్. బండిలో టక్-సర్. రెండూ కవాతు చేసే సిపాయిల్లా జతగా నడుస్తున్నాయి. ఎక్కిళ్లు వచ్చే చోటు వచ్చింది. పాటలో రాలేదు. బండిలోనూ రాలేదు. నవ్వు అంతకన్నా లేదు. ఇస్త్రీ పెట్టె పోయినట్టు నున్నగా వెళ్లిపోయింది.

స్పీకర్ చాటునుంచి ఆ అమ్మాయి మొహం ముందుకొచ్చింది. "తాతయ్యా, మీ వైపరు ఎక్కిళ్లేవి?"

"బ్రేకుల పనికి ఇస్తే మెకానిక్ చూసి మోటారు మార్చేశాడమ్మా."

"మీరు కూడానా!" స్పీకర్ మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. "మీ మనవడు నా నవ్వుని పాటలోంచి తీయించేశాడు. మీరేమో బండిలోంచి ఎక్కిళ్లు తీయించేశారు. నేను ఇక్కడ ఉన్నానన్న ఆనవాలే ఉండకూడదా?"

చిన్నోడు సీటు బెల్టు మెడకి బిగుసుకునేలా వెనక్కి తిరిగాడు.

"నేను తీయించానా? నువ్వు కాదూ?"

"నా నవ్వు నేనెందుకు తీయించుకుంటా?"

"గుర్రం సకిలించినట్టుంది, తీసెయ్ తీసెయ్ అని నువ్వే గోల పెట్టేదానివి కదా!"

"అది ఊరికే అనేదాన్ని! అన్నప్పుడల్లా నువ్వు, 'అబ్బే, ఎంత బాగుందో' అనేవాడివని!"

"మరి నన్ను ఒక్క మాట అడగొచ్చుగా?"

"ఏం అడగను? ఆమధ్య రేడియో ఇంటర్వ్యూలో ఏమన్నావు? మొదటి పాటలో తప్పులున్నాయి, ఇప్పుడైతే అలా చేయనన్నావు."

"నా దరువులో తప్పులన్నాను! నీ నవ్వు తప్పన్నానా?"

"మరి ఎవరు తీయించినట్టు?"

ఇద్దరూ మెల్లిగా మధ్య సీటు వైపు చూశారు. నిద్రగన్నేరు ఒక కన్ను తెరిచాడు.

"కంపెనీ ఇంజనీర్ ఫోన్ చేశాడు. ఒకచోట దరువు తప్పుతోంది, ఎవరో నవ్వుతున్నారు, క్లీన్ చేయమంటారా అన్నాడు. నేను నిద్రమత్తులో ఉన్నా. క్లీన్ అంటే మంచిదేగా అని, చేసేయండన్నా."

"నిన్నూ!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. నెల తర్వాత వాళ్లు కలిసి అన్న మొదటి మాట అదే అమ్మడూ.

"పాత రికార్డింగ్ ఉందా, అదీ పోయిందా?" అంది అమ్మాయి. "అయిదు కావస్తోంది!"

"తాతయ్యా, బండి ఆపు. ఇంజన్ ఆపేసి తాళం ఇవ్వు."

"నడిరోడ్డు మీదా?"

"ఇవ్వు తాతయ్యా!"

ఆపాను. వైపరు సగంలో నిలబడిపోయింది. వెనక హారన్లు, పైన రేకు మీద వాన. నా తాళానికి వేలెడంత నల్ల ముక్క ఒకటి వేలాడుతుంటుంది చూశావా? ఎప్పుడో వాడే తగిలించాడు. ఇన్నాళ్లూ నేను అదేదో బొమ్మ అనుకున్నాను. పెన్‌డ్రైవ్ అట.

"తాతయ్య ఏం పారేసుకున్నా బండి తాళం పారేసుకోడు. అందుకే ఇక్కడ పెట్టా," అన్నాడు చిన్నోడు.

"ఏముంది అందులో?"

"ఆ రోజు వాన. నువ్వు తలుపు తీసినప్పటినుంచి దిగేదాకా. బస్టాండ్‌కి ఎంత అని అడిగావే, అది కూడా ఉంది. దాని వెనకే మన మొదటి పాట, ఏమీ తీసెయ్యకుండా."

"అదంతా పాట కోసం దాచావా?"

"పాట కోసం దాచింది ఇంట్లో కంప్యూటర్‌లో ఉంది. ఇది నా కోసం."

వీడికి చెవులు ఎర్రబడ్డాయి.

"పాటలో నీ నవ్వు పెట్టలేదు కంచూ. నీ నవ్వు మళ్లీ మళ్లీ వినడానికి చుట్టూ పాట కట్టుకున్నా. ఓడ ఎక్కొద్దు."

"ఈ ముక్క నెల కిందట అనొచ్చుగా?"

"నువ్వు వెళ్లాలనుకుంటున్నావేమోనని ఆగా."

"నువ్వు ఆపుతావేమోనని నేను ఆగా, మొద్దూ!"

ఇంతలో ఎవరో తడుస్తూ వచ్చి నా అద్దం మీద కొట్టారు. "పెద్దాయనా, బండి చెడిందా?"

"చెడింది నాయనా. ఇప్పుడే బాగయింది," అన్నాను.

పెన్‌డ్రైవ్ తాళంనుంచి ఊడదీసి, ప్లేయర్‌కి పెట్టి బండి తీశాను. బండి వైపరు తిన్నగా తిరుగుతోంది, పాటలో వైపరుకి ఎక్కిళ్లొచ్చాయి, నవ్వు వచ్చింది. ఆ నవ్వు విని ఆ అమ్మాయి మళ్లీ నవ్వింది. ఒకే బండిలో రెండు నవ్వులు. ఆ రోజు నేను నడిపినట్టు నా జన్మలో నడపలేదు. కంపెనీ గుమ్మంలో ఆపేసరికి ఇద్దరూ పెన్‌డ్రైవ్ పట్టుకుని వానలో పరిగెత్తారు.

"తాతయ్యా, వచ్చాక నన్ను చంపేస్తారా?" అన్నాడు నిద్రగన్నేరు.

"చంపితే చంపుతార్లే. అందాకా పడుకో."

నేను మాత్రం గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఇద్దరూ బయటికొచ్చారు. గొడుగు చిన్నోడి చేతిలోనే ఉంది, కానీ మూసి ఉంది. తెరవాలన్న ధ్యాస ఎవరికుంది? పాత పాటే పెట్టడానికి ఇంజనీర్ ఒప్పుకుని, అప్పటికప్పుడు దాంతో ఒక సీడీ కూడా వేసిచ్చాడట.

"ఓడ ఆఫీసుకేనా తల్లీ?" అన్నాను, తెలిసే.

"కాదు తాతయ్యా. మా నాన్న దుకాణానికి. పెళ్లి మాట చెప్పాలి."

లోపలికి నవ్వుతూ వెళ్లిన పిల్ల, బయటికి తల వంచుకుని వచ్చింది. ఆయన ఏమన్నాడంటే, "ఆగిపోయిన గడియారం బాగుచేశాక, మళ్లీ ఆగదని నమ్మకం కుదిరితేనే తిరిగిస్తాను. ఈ అబ్బాయి మీద నాకు ఆ నమ్మకం ఏది?" అన్నాడట. సీడీ ఇస్తే, ఆ మోత నాకొద్దని పక్కన పెట్టేశాడట.

ఆయన్ని తప్పుపట్టను. గడియారం దెబ్బ తప్పితే సరిచేయడం ఆయన పని. పిల్ల నవ్వు నెలపాటు ఆగిపోతే ఏ తండ్రికి భయం వేయదు? నాకూ వేసింది. మళ్లీ వీళ్లిద్దరూ అడగాల్సిన మాట అడగకుండా మూతి ముడుచుకుంటే ఎలాగని ఇప్పటికీ వేస్తుంది. అందుకే పాత మోటారు తెచ్చి మళ్లీ బిగించమన్నాను. మెకానిక్ నన్ను ఎగాదిగా చూశాడనుకో. వీళ్లు మాటలు మానేసిన రోజు కనీసం అదైనా ఎక్కిళ్లు పెట్టి గుర్తుచేస్తుంది.

చాల్లే అమ్మడూ, ఇక్కడితో ఆపు. రేపు ఆయన దుకాణానికి వెళ్లి ఇదంతా చదివి వినిపించు. గోడల నిండా టిక్కు టిక్కు మంటుంటుంది, గొంతు పెంచి చదువు. మధ్యలో కసురుకున్నా లేచి రాకు. చదవడం అయ్యాక ఒక్క పాట, ఒక్కటంటే ఒక్కటే, వినమని అడుగు. సీడీలో చివరిది పెట్టు. ఎక్కిళ్ల దగ్గర నవ్వు వస్తుంది. అప్పుడు పాట వైపు చూడకు, ఆయన మొహం చూడు.

గడియారాలు ఆగాయో లేదో వచ్చి నాకు చెప్పు. నేను గుమ్మంలోనే కూర్చుని ఉంటాను.