తాబేలు కారు, మూడు వారాల ఆలస్యం

"ఎవర్నడిగి దీన్ని ఇక్కడికి తెచ్చారు?"

డాష్‌బోర్డు కింద తల దూర్చి పడుకున్న అతను ఉలిక్కిపడి లేవబోయి, స్టీరింగుకి నెత్తి కొట్టుకున్నాడు. రుద్దుకుంటూ బయటికి చూస్తే, తలుపులు ఊడదీసిన కారు పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. వాన బయట కురుస్తోంది. ఆమె మాత్రం షెడ్డు లోపలికి వచ్చాక కూడా గొడుగు మడవలేదు. అంత కోపంలో ఉంది.

"మీ నాన్నగారినే అడిగి తెచ్చానండీ. కాయితాలు కూడా ఉన్నాయి."

"నన్నడగలేదుగా?"

"ఆ ఇంట్లో మీరున్నారని తెలిస్తేగా అడగడానికి!"

షెడ్డు మూలన కుట్టుమిషను ఠక్కున ఆగింది. కార్లకి సీట్లు కుట్టే అతని అక్క కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, చోద్యం చూడ్డానికి సిద్ధమైంది. ఆ షెడ్డు అక్కాతమ్ముళ్ళిద్దరిదీ. సీట్లు ఆవిడవి, వైరింగ్ అతనిది. అందుకే వీధిలో అందరూ అతన్ని 'కరెంటు' అంటారు.

ఆ కారు వయసు అతని వయసుకి రెట్టింపు ఉంటుంది. వీపు గుండ్రంగా ఉండటంతో తెచ్చిన రోజే దానికి 'తాబేలు' అని పేరు పడిపోయింది. ఎవరో సగం విప్పి, ప్రతి సామానూ తుడిచి, నలభై ఒక్క బిస్కెట్ డబ్బాల్లో సర్ది, ఆ తర్వాత ఏమైందో ఏమో, టార్పాలిన్ కప్పేసి వదిలేశారు. రెండేళ్ళుగా ఇంటి ముందు అడ్డంగా పడి ఉందని విసిగిపోయిన ఆ ఇంటాయన, "నీకు ఓపికుంటే నువ్వు పూర్తి చేసుకో బాబూ" అని ఇచ్చేశాడు.

ఆ విప్పిన చేతులు ఇవేనని అతనికి ఇప్పుడు అర్థమైంది.

ఆమె నేల మీద పరిచిన సామాన్లవైపు చూసింది. "అది వైపరు మోటారు కాదు."

"మరి?"

"హీటరుది. వైపరుది పదిహేడో డబ్బాలో ఉంటుంది."

"డబ్బాల మీద నంబర్లే ఉన్నాయండీ. ఎందులో ఏముందో రాసుకున్న పుస్తకం ఏమన్నా..."

"ఉంది."

"ఇస్తారా?"

"ఇవ్వను."

అక్క పకపకా నవ్వేసింది. "పుస్తకం ఇవ్వకపోతే పోనీలే అమ్మాయ్, నువ్వే వచ్చి చెప్పు. వీడి తెలివికి వదిలేస్తే హారన్ కొడితే వైపరు తిరుగుతుంది."

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది. కుదర్లేదు. అప్పుడు మడిచింది గొడుగు.

మర్నాటినుంచి సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి షెడ్డు గుమ్మంలో ఆమె చెప్పుల చప్పుడు వినిపించేది. పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడుపళ్ళు తయారుచేయడం ఆమె ఉద్యోగం. ఆ మాట వినగానే అక్క ఆమెకి 'పళ్ళమ్మాయి' అని పేరు పెట్టేసింది.

"అయితే మీ నవ్వు కూడా మీరు తయారుచేసుకున్నదేనా?" అన్నాడు అతను ఒకరోజు.

"నావి సొంతపళ్ళే. కావాలంటే కరిచి చూపిస్తా."

"వద్దండీ, నమ్మేశాను."

కట్టుడుపళ్ళకి మెరుగుపెట్టే తెల్లటి పొడి ఒక పొట్లంలో తెచ్చి, హెడ్‌లైటు చుట్టూ ఉండే చట్రాన్ని ఒళ్ళో పెట్టుకుని గంటలకొద్దీ రుద్దేది. వేళ్ళ చివరలు తెల్లగా అయిపోయేవి. ముక్కు దురదపెడితే ఆ వేళ్ళతోనే గోక్కునేది. అతను తీగ కొస ఒలవడం మరిచిపోయి అలాగే ఉండిపోయేవాడు.

"ఏంటి చూస్తున్నావ్?" మీరు కాస్తా నువ్వు అయిపోయి అప్పటికి నెల దాటింది.

"హెడ్‌లైటు."

"హెడ్‌లైటు నా ఒళ్ళో ఉంది. ముక్కు మీద లేదు."

అక్క మిషను మరీ జోరుగా తొక్కేది, తనకేమీ వినపడటం లేదన్నట్టు.

జోరున వాన కురిసిన ఒక సాయంత్రం, రేకుల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడక దగ్గరగా కూర్చున్నప్పుడు, అతను అడిగాడు. "ఇంత శ్రద్ధగా విప్పినదానివి, మధ్యలో ఎందుకు వదిలేశావ్?"

ఆమె కాసేపు రుద్దడం ఆపలేదు.

"ఇది మా తాతయ్య నడిపిన కారు. ఒక పెద్ద డాక్టరు గారింట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రైవరుగా చేశారు. మానేసిన రోజు ఆ డాక్టరు గారు తాళాలు తాతయ్య చేతిలో పెట్టేశారట. ఇద్దరం కలిసే విప్పాం. ఏ బోల్టు ఎటు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. ఒకరోజు పొద్దున్న వసారాలోకి వచ్చి, 'ఎవరిదమ్మా ఈ పాత సామాను?' అన్నారు. వేళాకోళం అనుకున్నాను." చట్రాన్ని ఒళ్ళో తిరగేసింది. "కాదు. ఆ రోజే టార్పాలిన్ కప్పేశాను."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"మంచి రోజులుంటాయి, చెడ్డ రోజులుంటాయి. కారు పని తొందరగా అయిపోతే బాగుండు" అని, మాట మార్చేసింది.

ఆ మాట అప్పుడే మనసులో పెట్టుకోవాల్సింది అతను. పెట్టుకోలేదు. ఆమె చెంప మీద అంటిన తెల్లపొడి తుడవడానికి చెయ్యెత్తాలా వద్దా అన్న ఆలోచనలోనే మునిగిపోయి ఉన్నాడు.

పని ముందుకు సాగింది. పక్క షెడ్డు మెకానిక్ ఇంజను బిగించాడు. తలుపులు ఎక్కాయి. అక్క గోధుమరంగు సీట్లు కుట్టి అమర్చింది. డబ్బాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే ఆమె ముఖం వెలిగిపోయేది. అతనికి మాత్రం దిగులు పట్టుకునేది. నలభై ఒకటో డబ్బా ఖాళీ అయ్యాక ఈ అమ్మాయికి ఈ గుమ్మంతో పనేముంది?

ఒక మధ్యాహ్నం, అక్క భోజనానికి వెళ్ళినప్పుడు, అతను ఒంటరిగా తాళం తిప్పాడు. తాబేలు ఒక్కసారి దగ్గి, వణికి, చక్కగా తిరగడం మొదలుపెట్టింది. ఎంత మంచి చప్పుడు! రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఆపేసి, బానెట్ ఎత్తి, ఇంజనుకి కరెంటు అందించే కాయిల్‌కి వెళ్ళే తీగ లాగి పక్కన పెట్టాడు.

"ఇంకా స్టార్ట్ అవలేదా?" అంది ఆమె సాయంత్రం వచ్చి.

"ఎక్కడో కరెంటు అందడం లేదు. వెతకాలి."

ఆ 'వెతకాలి' మూడు వారాలు నడిచింది. రోజూ ఆమె టార్చి పట్టుకునేది, అతను లేని తప్పు వెతికేవాడు. అంత దగ్గరగా, భుజానికి భుజం తగిలేలా. పొద్దున్నే లేచి సిగ్గుపడేవాడు. అయిదున్నరయ్యేసరికి సిగ్గు ఎటో పోయేది.

"ఒరేయ్ తమ్ముడూ" అంది అక్క ఒకరోజు, దారం కొరుకుతూ. "ఇంత చిన్న కారులో మూడు వారాలు దొరకని తప్పేంట్రా అది?"

అతను బానెట్ కింద తల దూర్చేశాడు.

ఆ మర్నాడే ఆమె మధ్యాహ్నం మూడింటికి వచ్చేసింది. చెప్పుల చప్పుడు అతనికి వినపడలేదు. ఎందుకంటే ఇంజను తిరుగుతోంది. రోజూ ఒకసారి ఆ చప్పుడు వినడం అతనికి అలవాటైపోయింది. ఆపి, దిగి, తీగ లాగి, తలెత్తేసరికి ఎదురుగా ఆమె.

"ఎన్నాళ్ళనుంచి?" అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "మూడు వారాలు."

"ఎందుకు?"

"పని అయిపోతే... నువ్వు ఇంక రావుగా."

 ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు ఎర్రబడ్డవి కావు, వచ్చేటప్పటికే ఉన్నాయి.

"ఇవాళ పొద్దున్న మా తాతయ్య నన్ను చూసి, 'నువ్వెవరి పిల్లవమ్మా' అని అడిగారు. మొదటిసారి. నిన్నటిదాకా గుర్తుపట్టారు. పోయిన వారం నా పేరు పెట్టి పిలిచారు. కారు ఎంతవరకు వచ్చిందని కూడా అడిగారు. ఆ మూడు వారాలు మా తాతయ్యవండీ. మీరు తీసేసుకున్నారు."

నువ్వు మళ్ళీ మీరు అయిపోయింది. అతనికి అన్నిటికంటే అదే ఎక్కువ తగిలింది.

ఆమె వెళ్ళిపోయింది. తర్వాత తొమ్మిది రోజులు రాలేదు.

తీగ బిగించడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ తర్వాత చేయడానికేమీ లేక, చేసిన పనే మళ్ళీ చేశాడు. అద్దాలు తుడిచాడు, తుడిచినవే తుడిచాడు. ఫోను చేస్తే ఆమె ఎత్తలేదు. సాయంత్రం అయిదున్నరకి వీధిలో ఎవరు నడిచినా తల దానంతటదే గుమ్మంవైపు తిరిగేది. పాలవాడు, పోస్టుమాన్, ఎవరో ముసలావిడ. అక్క చూసి చూసి మిషను ఆపింది.

"వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇచ్చెయ్. కానీ ఒక మాట. తప్పయిపోయిందని చెప్పడానికి వెళ్ళు. కారు చూపించి మెప్పు కొట్టెయ్యడానికి మాత్రం వెళ్ళకు."

ఆదివారం పొద్దున్న తాబేలు వాళ్ళ గేటు ముందు ఆగింది. వాళ్ళ నాన్న గేటు తీసి నోరు తెరిచి ఉండిపోయాడు. ఆమె వసారాలో బట్టలు ఆరేస్తోంది. తడి దుప్పటి చేతిలో అలాగే ఉండిపోయింది.

అతను తాళాలు అరుగు మీద పెట్టాడు. "నేను చేసిందానికి క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. నాకు నువ్వు కనబడటమే కావలసి వచ్చింది, నీకేం కావాలో ఆలోచించలేదు. కారు మీదే. కాయితాలు లోపల ఉన్నాయి. వెళ్ళొస్తాను."

"ఆగండి" అంది ఆమె.

లోపల్నుంచి తాతయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పైదాకా పెట్టుకున్న బొత్తాలు. కారు చుట్టూ మెల్లగా ఒకసారి తిరిగాడు. ముఖంలో ఏ గుర్తూ లేదు. ఆమె పరుగున వెళ్ళి డ్రైవరు వైపు తలుపు తీసి పట్టుకుంది. "తాతయ్యా, కూర్చోండి. మీ కారే."

తాతయ్య ఆ తలుపు చూశాడు. దాన్ని దాటుకుని వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎదురుచూస్తున్నాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆమెకే అర్థమై, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ తలుపు ఇంకొకరికి తీసి పట్టుకున్న మనిషి. ఒక్కరోజు కూడా వెనక కూర్చోలేదు.

అతను గబగబా వెళ్ళి వెనక తలుపు తీసి, కాస్త వంగి నిలబడ్డాడు. తాతయ్య దర్జాగా ఎక్కి, సీటు మీద అరచెయ్యి ఆనించి, "బాగా కుట్టారు" అన్నాడు. "పోనీ బాబూ."

"ఎక్కడికండీ?"

"డ్రైవరువి నువ్వు. దారి నన్నడుగుతావేం?"

ఆమె అరుగు మీది తాళాలు తెచ్చి అతని చేతిలో పెట్టి, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. అతని వైపు చూడలేదు. అతను గేరు కరకరలాడించాడు. వెనకనుంచి గద్దింపు వినిపించింది. "క్లచ్చి పూర్తిగా నొక్కు! పాపం, దానికి నొప్పి పుట్టదూ?"

ఆమె కిటికీ వైపు తిరిగి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. రెండు వీధులు దాటారు. ఎండ అద్దం మీద పడుతోంది. తాతయ్య ముందుకు వంగి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా మీకు?"

 ఆమె చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా కాలేదు తాతయ్యా."

'ఇంకా' అన్న మాట అతని చెవిలో పడి, అక్కణ్ణించి ఎక్కడికి వెళ్ళాలో తెలియక అక్కడే తిరిగింది. కారు వేగం దానంతటదే తగ్గిపోయింది.

"రోడ్డు చూసి నడుపు" అంది ఆమె, ఇంకా కిటికీ వైపే చూస్తూ. "నా కోపం కూడా ఇంకా పోలేదు."

"సరే."

"చాలా రోజులు పడుతుంది."

"పట్టనీ."

అయిదు నిమిషాలు గడిచాయి. తాతయ్య మళ్ళీ ముందుకు వంగాడు, మొదటిసారి అడుగుతున్నట్టే ఎంతో మర్యాదగా.

"పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా మీకు?"

ఈసారి ఆమె కిటికీ వైపునుంచి తల తిప్పి, అతన్ని చూస్తూ చెప్పింది.

"ఇంకా కాలేదు తాతయ్యా."

అతను మలుపు దగ్గర ఇంటివైపు తిప్పాల్సింది, తిప్పలేదు. తిన్నగా పోనిచ్చాడు.