పుస్తకంలో నలుగురు

న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్ గాలికి గొడుగు నిలవదు గానీ ఆశాజ్యోతి వేసిన ప్లాను నిలుస్తుందని అక్కడి తెలుగువాళ్ళందరికీ తెలుసు. పుట్టినరోజు పార్టీకి కూడా ఎక్సెల్ షీటు వేసే మనిషి. 2006 ఈస్టర్ సెలవులకి టరరువా కొండల్లో మూడు రోజుల నడక అనుకోగానే వంటింటి బల్ల మీద మ్యాపు పరిచింది. రోజుకి ఎన్ని గంటలు నడవాలో, ఏ రాత్రి దారి పక్క ఏ బస గుడిసెలో, అదే హట్‌లో, పడుకోవాలో, ఏరు పొంగితే ఎక్కడ ఆగిపోవాలో అంతా రాసింది. సోమవారం సాయంత్రం ఆరింటికి ఫోన్ రాకపోతే పోలీసులకి చెప్పమని ఆ కాగితం అత్తగారు మంగాదేవి చేతిలో పెట్టింది.

వెళ్ళేది ముగ్గురు. ఆవిడ, భర్త ఉదయభాస్కర్, తమ్ముడు శశాంక్. ఉదయభాస్కర్ లిఫ్టు చెడిపోతే ఆఫీసుకి సెలవు పెట్టే రకం. శశాంక్ ఖరీదైన బూట్లు కొనుక్కుని, వాటికి తగిన కాళ్ళున్నాయో లేదో చూసుకోకుండా ఆక్లండ్ నుంచి దిగాడు. "వాడు నీ పూచీ" అని అమ్మ ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచి ఆశాజ్యోతికి ఒకటే పట్టుదల. తీసుకెళ్ళినవాణ్ణి తీసుకెళ్ళినట్టు దింపాలి.

మంగాదేవి కాగితం చదివి కళ్ళజోడు తీసింది.

"ముగ్గురు బయల్దేరతారటే ఎవరైనా? నాలుగోదిగా ఓ రాయి పట్టుకెళ్ళండి."

"రాయి బరువత్తయ్యా. సంచులు గ్రాములతో సహా తూచాను."

"అయితే మానుకోండి."

ఆశాజ్యోతి కాసేపాలోచించి, మూడు పేర్ల కింద వీరేశం అని రాసింది. ఆ పేరు గల మనిషి వాళ్ళకెవరూ తెలియదు. పేరుకి బరువుండదు. మంగాదేవి తృప్తిగా పులిహోర కలపడానికి లేచింది.

మొదటి హట్ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. చెక్క గోడలు, ఇనప పొయ్యి, ఆరు బంకు మంచాలు. తలుపు పక్కన పుస్తకం. వచ్చినవాళ్ళు పేరు, ఎంతమంది, తర్వాత ఎక్కడికి అన్నది అందులో రాయాలి. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్ళు ముందు చూసేది దాన్నే. 'ఎంతమంది' దగ్గర ఆశాజ్యోతి పెన్ను ఆగింది. ఇంట్లో కాగితం మీద నాలుగుంది. రెండు లెక్కలు కలవకపోతే ఆవిడకి నిద్ర పట్టదు.

నాలుగు అని రాసింది.

వాళ్ళ వెనకాలే వచ్చిన ఆ దేశపు ముసలాయనొకడు నీళ్ళు తాగి, పై హట్‌కి బయల్దేరుతూ చెప్పాడు. "మీ నాలుగో అతను ఏటి దగ్గరే నిలబడిపోయాడు. సాయం కావాలా అంటే చెయ్యి ఊపాడు."

ఉదయభాస్కర్ మొహం పెరుగన్నంలా తెల్లబడింది. శశాంక్ పడీ పడీ నవ్వాడు. "వీరేశానికి కాళ్ళు నొప్పులేమో బావా. నువ్వెళ్ళి ఎత్తుకురా."

వాన మొదలైంది. ఐదింటికే చీకటి పడింది. రేకు మీద చినుకుల మోత, కింద ఏటి హోరు. ఆ హోరులో రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు. కట్టెల కోసం శశాంక్ వెనక షెడ్డుకి వెళ్ళాడు. తొందరగానే వచ్చాడు. కట్టెలు పొయ్యి దగ్గర పడేసి, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. నాచు వాసన... చాలాకాలం నీళ్ళలో నానిన గుడ్డ వాసన. వచ్చి పది నిమిషాలైనా ఒక్క జోకు వెయ్యలేదు.

అప్పుడు వరండాలో బూట్లు దులిపిన చప్పుడైంది.

"అక్కా, తలుపు తియ్యి. చేతుల నిండా కట్టెలు."

శశాంక్ గొంతు.

ఉదయభాస్కర్ బంకు మీద మోకాళ్ళు ముడుచుకున్నాడు. పొయ్యి దగ్గర కూర్చున్నవాడు తల తిప్పకుండానే గుసగుసగా అన్నాడు.

"తియ్యకక్కా. పుస్తకంలో నాలుగు కొట్టేసి మూడు రాయి. పోతాడు."

"రాసెయ్ ఆశా" అన్నాడు ఉదయభాస్కర్.

ఆశాజ్యోతి పెన్ను తీసింది. నాలుగు మీద పెట్టింది. ఆగింది. కొట్టేస్తే ఒకడు పోతాడు... ఎవడు?

"చిన్నప్పుడు నిన్ను నేను ఏమని ఏడిపించేదాన్ని?" అని అడిగింది, ఎవరి వైపూ చూడకుండా.

"బొండాం" అన్నాయి రెండు గొంతులూ. ఒక్కసారే. తలుపు ఇవతల, అవతల.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. బయటివాడి పళ్ళు చలికి టకటకా కొట్టుకోవడం వినిపిస్తోంది. లోపలివాడి చొక్కా నుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి... అంత మంట ముందు కూర్చున్నా.

"వాన పెరుగుతోందక్కా" అంది బయటి గొంతు.

"రాయక్కా" అంది లోపలి గొంతు.

ఆశాజ్యోతి పెన్ను పొయ్యిలో పడేసింది.

"ఎవరు చెప్పినా ఎవర్నీ కొట్టెయ్యను. నలుగురని రాసింది నేను. నలుగురూ నా పూచీయే. తెల్లారాక అందర్నీ కిందికి నడిపిస్తాను. ఎవడికిష్టం లేకపోయినా."

"ఆశా, నీకు దణ్ణం పెడతాను..." ఉదయభాస్కర్ నిజంగానే చేతులు జోడించాడు. ఆవిడ ఆ దణ్ణం చూడలేదు. గడియ లాగింది.

చలిగాలి దీపాన్ని ఆర్పేసింది. వరండా ఖాళీ. కట్టెలు మాత్రం గుమ్మం ముందు చక్కగా పేర్చి ఉన్నాయి, పొడిగా. ఆవిడ గుమ్మంలో కాలు అడ్డం పెట్టి, తలుపు పూర్తిగా తెరిచి, ఏటి వైపు చీకట్లోకి గట్టిగా అంది. "రా. తలుపు తీసే ఉంచుతాను."

వెనక నుంచి, చెవికి బాగా దగ్గరగా, తడి ఊపిరితో ఎవరో అన్నారు. "చలేస్తోందక్కా. వేసెయ్."

ఆవిడ కాలు తియ్యలేదు.

కింద మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. నెమ్మదిగా ఎక్కుతోంది.

దాని వెనకే ఇంకో జత... దాని వెనక ఇంకొకటి. పుస్తకంలో రాసిన నలుగుర్ని దాటిపోయింది లెక్క.