చింతపండుతో తోమిన రాగి నాణెం

కాంచనదుర్గాన్ని ఏలిన జయకేతు మహారాజుకు ఒక వింత అలవాటు ఉండేది. మిగతా రాజులు బంగారం పోగుచేస్తే, ఆయన పాత నాణేలు పోగుచేసేవాడు. "బంగారం ఎక్కడైనా దొరుకుతుంది. ఇలాంటి నాణెం మళ్ళీ పుట్టదు. ఏటేటా దీని విలువ పెరుగుతుందే గాని తరగదు" అనేవాడు. కరువొస్తే ఒక్క నాణెం అమ్మి రాజ్యమంతటికీ తిండి పెట్టవచ్చని ఆయన ధైర్యం.

ఆ నాణేల భాండాగారానికి కాపరి భైరవయ్య. ఆయన నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తేవాడు. మెత్తని నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని పెట్టెలో దాచేవాడు. తల్లిలేని కూతురు అలివేణిని కూడా అంత అపురూపంగానే పెంచాడు. పదమూడేళ్ళ ఆ పిల్ల చురుకైనదే గాని, ప్రతిదానికీ తొందరే.

ఒకసారి సముద్రం అవతలి వర్తకులు నాణేలు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. తండ్రి బయటికి వెళ్ళిన సమయంలో అలివేణి పెట్టె తెరిచింది. అన్నిటికన్నా పాతదైన ఏనుగుబొమ్మ నాణెం నల్లగా, మసి పట్టినట్టు కనిపించింది. 'ఇంత మురికి నాణెం చూపిస్తే నాన్నకెంత నామోషీ!' అనుకుని, ఇంట్లో రాగి బిందెలు తోమినట్టే చింతపండూ ఉప్పూ వేసి తోమింది. నాణెం తళతళలాడింది. పాపం, ఎంత మురిసిపోయిందో!

భైరవయ్య వచ్చి చూసి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. "అది మురికి కాదు తల్లీ, వెయ్యేళ్ళ వయసు..." అంటూండగానే నాణెంలోంచి ఒక గొంతు ఉరిమింది.

"నా చర్మం ఒలిచేశారు! కాపాడలేని కాపరి రాగిబొమ్మ అయిపోవుగాక!"

మరుక్షణం భైరవయ్య నిలబడ్డచోటే రాగి విగ్రహమయ్యాడు. అలివేణి ఆ విగ్రహాన్ని కౌగిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సంగతి తెలిసి పరుగున వచ్చిన రాజు, "ఆ నాణేన్ని కాచే యక్షుడు నీలాద్రి గుహలో ఉంటాడు. సైన్యాన్ని పంపుతానమ్మా" అన్నాడు.

"వద్దు మహారాజా. తప్పు నాది. నేనే వెళ్ళి నాన్నను విడిపించుకుంటాను" అంది అలివేణి. నాణేన్ని గుడ్డలో చుట్టి, నడుముకు కట్టుకుని అడవి దారి పట్టింది.

మూడోరోజున ఒక ఏరు అడ్డమైంది. నీళ్ళలోంచి తాటిచెట్టంత రాక్షసి లేచింది. "ఓసి పిల్లా, నీ మూటలో మెరిసేదేదో ఉందే! అదిటిచ్చెయ్, అవతలికి దాటిస్తాను" అంది.

"అది నాది కాదవ్వా, రాజుగారిది. నా వెండి కడియాలు ఇస్తాను, తీసుకో."

రాక్షసి కడియాలను చెవులకు తగిలించుకుంది. నీళ్ళలో తన అందం చూసుకుని పొంగిపోయి, పిల్లను భుజాన ఎక్కించుకుని ఏరు దాటించింది.

కొండ కింద ఒక మాంత్రికుడు కుండలో పొగ రాజేస్తూ కూర్చున్నాడు. "నీ కష్టం నాకు తెలుసు. నాణేన్ని ఈ పొగలో పెట్టు. చిటికెలో వెయ్యేళ్ళ నలుపు పడుతుంది. యక్షుడు కూడా కనిపెట్టలేడు" అన్నాడు.

అలివేణి చెయ్యి మూట మీదికి వెళ్ళింది. చిటికెలో పనైపోతే నాన్న ఇంటికొచ్చేస్తాడు! కాని చెయ్యి అక్కడే ఆగింది. "తెలియక ఒకసారి పాడుచేశాను. తెలిసి మోసం చెయ్యలేను తాతా" అంది. మాంత్రికుడు మండిపడి పొగ ఆమె మీదికి ఊదాడు. ఆమె మూటను కొంగు కింద దాచుకుని, దగ్గుతూ కొండెక్కింది.

గుహలో యక్షుడు భుజాలు ఎర్రగా చెక్కుకుపోయి మూలుగుతున్నాడు. ఆయన్ను చూడగానే అలివేణికి తానేం చేసిందో అర్థమైంది. "తోమింది నేనేనయ్యా. మా నాన్నను వదిలేసి శిక్ష నాకు వెయ్యండి" అని కాళ్ళ మీద పడింది.

యక్షుడు నాణేన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పొగ వాసన లేదు! ఆ కుండకు లొంగకుండా వచ్చావన్నమాట" అన్నాడు మెత్తబడి. "నీ తండ్రిని విడిచిపెడతాను. కాని నా వయసు నాకు కావాలి. దానికి దగ్గరిదారి లేదు. ఈ నాణెం మీద మొదటి నలుపు దానంతటదే పడేదాకా నువ్వు దీన్ని కనిపెట్టుకుని ఉండాలి. కోట దాటకూడదు. పదేళ్ళు పట్టవచ్చు, ముప్పై పట్టవచ్చు. తొందర పిల్లవి, ఉండగలవా?"

"ఉంటాను" అంది అలివేణి, ఈసారి బాగా ఆలోచించే.

ఆమె తిరిగొచ్చేసరికి భైరవయ్య కోట గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. తండ్రీకూతుళ్ళు కౌగిలించుకున్నారు. రాజు అలివేణిని భాండాగారానికి అధికారిణిని చేశాడు. కాలక్రమాన నాణేలకు చందనపు పెట్టెలు చేసే సోమనాథుడు ఆమెను వరించాడు. పెళ్ళికూతురు కోట దాటకూడదు కాబట్టి ఊరే కోటకు తరలివచ్చింది. ఆ ఇద్దరూ హాయిగా కాపురం చేశారు.

నాణేనికి కాపలా మొదలైన ఇరవై రెండో ఏట ఒక ఉదయం అలివేణి నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తి, కిటికీ వెలుగులోకి తిప్పింది. ఏనుగు చెవి దగ్గర నువ్వుగింజంత నలుపు. దుమ్మేమోనని మళ్ళీ మళ్ళీ చూసింది. దుమ్ము కాదు.

"నాన్నా! తొందరగా రా! నల్లబడింది!"

తల నెరిసిన భైరవయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి చూసి, చిన్నపిల్లాడిలా గెంతాడు. ఆ పూట రాజు ఊరంతా మిఠాయిలు పంచాడు.

"ఇక నీకు కట్టడి లేదు తల్లీ. ఎక్కడికైనా వెళ్ళవచ్చు. సముద్రం చూస్తావా?" అన్నాడు భైరవయ్య.

"చూస్తాను నాన్నా. కాస్త ఆగు, దీన్ని గుడ్డలో చుట్టనీ" అంది అలివేణి.