బాత్మా నానమ్మకి ఏ ఫోన్?

ఓష్ పట్నం బజారులో ఫోన్లమ్మే వరసంతా ఇనుప కంటైనర్లలో పెట్టిన కొట్లే. వాన పడిందంటే నెత్తిమీద ఎవరో ఖాళీ డబ్బాలు దొర్లిస్తున్నట్టుంటుంది. ఆ మోతలో కొనేవాళ్ళు అరవాలి, అమ్మేవాళ్ళు ఇంకా గట్టిగా అరవాలి. ఎర్మెక్‌కి మాత్రం ఆ రోజు గొంతు పెంచే పనే పడలేదు. పొద్దుట్నుంచి ఒక్క బేరమూ తగల్లేదు.

అప్పుడొచ్చిందా అమ్మాయి. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన నోటుపుస్తకం. మనిషి నిలువునా తడిసినా పుస్తకం అంచు కూడా తడవలేదు.

"అన్నిటికంటే చవకైన టచ్ ఫోన్ చూపించండి!" అని అరిచింది.

"ఎవరికండీ?"

"మా నానమ్మకి!"

ఎర్మెక్ రెండు ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లది, సబ్బు బిళ్ళంత లావు. ఇంకోటి నీలంది, నెమలి మెడలా మెరుస్తోంది.

"నల్లది నాలుగున్నర వేల సోమ్. నీలందానికి మూడొందలు ఎక్కువ."

"ఏది మంచిది?"

"రెండూ మంచివి కావు."

ఆ అమ్మాయి కళ్ళ మీది నీళ్ళు తుడుచుకుని అతన్ని సరిగ్గా చూసింది.

"నల్లదాంతో ఫోటో తీస్తే మనిషికీ మూటకీ తేడా తెలీదండీ," అన్నాడు ఎర్మెక్. "ఏదన్నా నొక్కి టీ తాగి రావచ్చు, అప్పటికి తెరుచుకుంటుంది. ఇక నీలంది. వెనక రెండు కెమెరాలున్నాయి చూశారా? అందులో ఒకటి ఉత్త గాజు బిళ్ళ. సాయంత్రమయ్యేసరికి బ్యాటరీ కళ్ళు తేలేస్తుంది."

"మీరు అమ్మడానికి కూర్చున్నారా, ఎవరూ కొనకుండా కాపలా కాస్తున్నారా?"

"ఉన్నమాట చెప్పాను."

"సొంత సరుకుని ఇలా తిట్టేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు. అయితే మీకు మతి లేకపోవాలి, లేకపోతే ఇదేదో కొత్త రకం మోసమై ఉండాలి."

"మా బాబాయి మొదటిదే అంటాడు. ఈ కొట్టు ఆయనదే," అన్నాడు ఎర్మెక్ వినయంగా.

నవ్వు రాబోయి, ఆ అమ్మాయి దాన్ని ఎక్కడో మింగేసింది. పేరు చీనారా. కొండల కింది గుల్చా అనే ఊళ్ళో బడిపంతులమ్మ. చెప్పేది లెక్కలు. అందుకేనేమో, ఎందుకు కొంటున్నదీ కూడా లెక్కలాగే చెప్పింది. నానమ్మకి డెబ్భై రెండేళ్ళు. ఎండాకాలమంతా గొర్రెలతో కొండమీదే ఉంటుంది. పోయినేడు గుర్రం మీంచి పడి మణికట్టు విరిగింది. చేతిలో పాత బొత్తాల ఫోనుంది, అందులో చార్జింగు లేదు. ఉన్నా అంకెలు కనపడవు. మర్నాడు మధ్యాహ్నం ఎవరో గొర్రెల కాపరి చూసేదాకా అలాగే పడుంది.

"ఈ నెలాఖరుకల్లా ఆవిడ ఫోన్‌కి అందకపోతే నాన్న వెళ్ళి మందతో సహా దింపేస్తానన్నాడు. దింపితే నానమ్మ బతకదు. కొండ దిగిన నెలకల్లా మంచం పడుతుంది, నాకు తెలుసు. ఫోటో మీద వేలు పెడితే ఆ మనిషికే ఫోన్ వెళ్ళాలి. అదీ గొర్రె కంటే ఖరీదుండకూడదు. అంతకంటే ఖరీదైంది ముట్టుకోదట."

ఎర్మెక్‌కి సరదా మాటలన్నీ ఎక్కడో జారిపోయాయి. "వారం టైమివ్వండి. రెండూ పరీక్ష చేసి చెప్తాను," అన్నాడు.

ఆ వారం ఎర్మెక్ ఇంట్లో వాళ్ళమ్మకి ఓపిక నశించింది. కొండమీది చలికి బ్యాటరీ ఆగుతుందా లేదా తెలియాలని రెండు ఫోన్లూ ఫ్రిజ్‌లో పెట్టాడు. పొద్దున్నే ఆవిడ వెన్న కోసం చెయ్యి పెడితే, అప్పుడే కొడుకు పరీక్షగా చేసిన ఫోన్‌కి వెన్న పక్కనుంచి నల్లది గణగణమని మోగింది. ఆవిడ వెన్న వదిలేసి కేక పెట్టింది.

శనివారం చీనారా మళ్ళీ వచ్చింది. ఈసారి వాన లేదు. ఎర్మెక్ మాత్రం ఆకాశం వంక నాలుగుసార్లు చూసుకున్నాడు, వానొస్తే కాసేపు ఎక్కువ నిలబడుతుందేమోనని.

ఆమె నోటుపుస్తకం తెరిచింది. స్కేలు పెట్టి గీసిన గడులు, బ్యాటరీకి ఇన్ని మార్కులు, గొంతుకి ఇన్ని, అక్షరాల సైజుకి ఇన్ని. ఎర్మెక్ ఒక్కోటీ చెబుతుంటే ఎర్ర కలంతో వేసుకుంటూ పోయింది. చివర్లో కూడింది. మళ్ళీ కూడింది.

"రెండిటికీ అరవై ఒకటే!"

"రెండూ పాసయ్యాయన్నమాట."

"వేళాకోళం కాదు. సిగ్నల్ గడి ఖాళీగా ఉంది. ఏది బాగా పట్టుకుంటుంది?"

"ఇక్కడ రెండిటికీ నిండుగా వస్తుందండీ."

"మా నానమ్మ బజారులో గొర్రెలు మేపట్లేదు."

"మీ కొండమీద సంగతి కొండెక్కితేగానీ తెలీదు."

"అయితే ఎక్కండి."

"నేనా?"

"ఫ్రిజ్‌లో పెట్టినవాళ్ళు కొండమీద పెట్టలేరా?"

"సోమవారం బజారుకి సెలవు," అన్నాడు ఎర్మెక్. అన్నాక, ఏమన్నాడో తనకే అర్థమైంది. అప్పటికే ఆ అమ్మాయి ఖాళీ గడిలో సోమవారం అని రాసేసుకుంది.

గుల్చా దాకా షేర్ టాక్సీలో బాగానే చేరాడు. అక్కడ చీనారా రెండు గుర్రాలతో ఎదురుచూస్తోంది.

"గుర్రం ఎక్కడం వచ్చా?"

"వచ్చు."

నాలుగేళ్ళుగా ఫోన్ల గురించి ఒక్క అబద్ధమూ ఆడని మనిషి గుర్రం గురించి ఆడేశాడు. బజారులో పుట్టి బజారులో పెరిగినవాడు. గుర్రం మీద కూర్చున్నది ఒక్కసారే, అయిదేళ్ళప్పుడు, అదీ ఫోటో కోసం.

అబద్ధం దారిలో తగిలిన మొదటి ఏటి దాకా నిలిచింది. గుర్రం నీళ్ళు తాగడానికి తల వంచింది. ఎర్మెక్ ఆ వాలులోనే మెడ మీంచి జారి నడుము లోతు నీళ్ళలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే రెండు చేతులూ పైకెత్తాడు. ఒక చేతిలో నల్లది, ఇంకో చేతిలో నీలంది.

"ఫోన్లు తడవలేదు!" అని అరిచాడు.

చీనారా గుర్రం జూలు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. మంచునీళ్ళకి ఎర్మెక్ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, అయినా లేవబుద్ధి కాలేదు.

"లే, లే. జ్వరం తెచ్చుకుంటావు," అంది. 'మీరు' అన్న మాట ఆ ఏట్లోనే కొట్టుకుపోయింది.

బాత్మా నానమ్మ ఉన్ని గుడారం ముందు నిలబడి ఉంది. తెల్లటి తలగుడ్డ, ఎండకి కాలిన బుగ్గలు, పోయినేడు విరిగిన చెయ్యి నడుము మీద. తడిసి ముద్దయినవాణ్ణి తల నుంచి బూట్ల దాకా చూసింది.

"ఎవరే ఇతను?"

"ఫోన్లు అమ్మే అతను నానమ్మా."

"ఈ మధ్య ఫోన్లు ఇంటికే తెచ్చిస్తున్నారా?" అంటూ చీనారా తాతగారి పాత కోటు తెచ్చి అతని భుజాల మీద వేసింది. పెద్ద గిన్నెడు పులిసిన గుర్రప్పాలు, నూనెలో వేయించిన వేడి వేడి పిండి ముక్కలు, బోర్సోక్‌లు, ముందు పెట్టింది. ఎర్మెక్ ఒక్క గుక్కలో తాగేసి, కళ్ళలో నీళ్ళు బయటికి రాకుండా ఆపుకున్నాడు. నానమ్మ గిన్నె మళ్ళీ నింపింది.

తర్వాత ఆవిడ తన పరీక్షలు పెట్టింది. వాటికి గడులూ లేవు, మార్కులూ లేవు. బోర్సోక్ తిన్న నూనె వేళ్ళతో నొక్కింది. నీలంది పట్టించుకోలేదు. నల్లది కాస్త ఆలోచించి తెరుచుకుంది. రెండిటినీ నడుమెత్తు నుంచి రాతిమీద వదిలేసింది.

"అవ్వా!" అన్నాడు ఎర్మెక్, పట్టుకోబోయి.

"ఏం, నేను పడలేదూ? నాతో ఉండేదానికి పడి లేవడం రావాలి."

నల్లది దబ్బుమని పడి ఊరుకుంది. నీలందాని మూల చిట్లింది. బాబాయికి ఏం చెప్పాలా అని ఎర్మెక్ ఒక్క క్షణం ఆలోచించి మానేశాడు.

ఇక సిగ్నల్. గుడారంలో రెండిటికీ సున్నా. నీలంది ఎర్మెక్ పట్టుకుని ఎదుటి దిబ్బ ఎక్కాలి. నల్లదాంతో చీనారా గుడారం చుట్టూ రాయి రాయికీ ఆగి చూడాలి. అతను దిబ్బమీద చెయ్యి చాచి తిరుగుతూంటే నీలందానిలో ఒక్క గీత వెలిగింది. అదే సమయానికి మోగింది.

"వినపడుతోందా?" చీనారా గొంతు. "గుర్రాల్ని కట్టే చోట ఉన్నాను. గుడారానికి పదడుగులు. రెండు గీతలు!"

"రెండా! అయితే గెలిచినట్టే. మీ నానమ్మ ఎక్కడికీ దిగక్కర్లేదు!"

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోందని ఎర్మెక్‌కి అర్థమైంది. మూడొందల అడుగుల దూరంలో చిన్నగా, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిన మనిషి కనిపిస్తోంది. పని అయిపోయింది. దిగిపోతే ఫోన్ ఇచ్చేసి టాక్సీ ఎక్కాలి. వచ్చే శనివారం ఆమె బజారుకి రావాల్సిన పనే లేదు.

"చీనారా, ఒక్క మాట. నిజానికి నేను ఈ ఫోన్ల కోసం…"

కట్.

ఎర్మెక్ ఫోన్ ఎత్తాడు, దించాడు, ఎడమకి పరిగెత్తాడు, కుడికి పరిగెత్తాడు. చివరికి ఒక బండ ఎక్కి, దాని మీద మునివేళ్ళపై నిలబడ్డాడు. గీత వెలిగింది. నొక్కాడు. అటు ఎత్తిన చప్పుడు వినపడగానే, మళ్ళీ కట్టయ్యేలోపు అనుకుని ఊపిరి తీసుకోకుండా అరిచాడు.

"నేను ఫోన్ల కోసం రాలేదు! నీకోసం వచ్చాను! నువ్వు తడిసిపోయి ఆ పుస్తకాన్ని మాత్రం తడవనివ్వకుండా పట్టుకొచ్చావు చూడు, ఆ రోజు నుంచీ నాకు వేరే ధ్యాస లేదు! నాకు గుర్రం రాదు! కొట్టు నాది కాదు! కానీ నువ్వు ఊఁ అంటే ప్రతి సోమవారం ఈ కొండెక్కుతాను!"

అటు ఎవరో గొంతు సవరించుకున్నారు.

"తెలుసులే నాయనా," అంది ఫోన్. "నాలుగున్నర వేల ఫోన్ అమ్ముకోడానికి ఏట్లో పడి లేచి ఎవడొస్తాడు? నేను బాత్మాని."

ఎర్మెక్ బండమీంచి జారబోయి కూలబడ్డాడు.

"చీనారా పక్కనే ఉంది. నీకు చెప్పకుండా ఉండలేను, ఈ ఫోన్‌కి గొంతు మా పొట్టేలుకున్నంత ఉంది. ఎలా తగ్గించాలో మా ఇద్దరికీ తెలీట్లేదు."

వెనక నుంచి, గుర్రప్పాలు పితుకుతున్న పక్క గుడారం ఆడవాళ్ళ గొంతులు కలిశాయి. "ఇంకోసారి చెప్పమనండి! ప్రతి సోమవారం తర్వాత వినపడలేదు!"

అప్పుడు చీనారా గొంతు, చాలా దగ్గరగా. "ఎర్మెక్, ఇలాంటివి ఫోన్‌లో చెప్పకు. కిందకి రా."

అతను దిబ్బ దిగాడో దొర్లాడో చెప్పడం కష్టం. చీనారా సగం దూరం ఎదురొచ్చింది. బుగ్గలు నానమ్మ బుగ్గల్లాగే ఎర్రగా ఉన్నాయి, ఎండ వల్ల మాత్రం కాదు. ఎర్మెక్ కోటుకంటిన గడ్డి దులుపుకున్నాడు.

"గుల్చాలో ఫోన్ కొట్లు ఎన్నున్నాయో తెలుసా?" అడిగింది చీనారా.

"తెలీదు."

"మూడు. ఒకటి మా బడి గేటు ఎదురుగానే."

ఎర్మెక్ కొంచెంసేపు లెక్క వేశాడు. "మరి రెండోసారి ఓష్ దాకా ఎందుకొచ్చావు?"

"బజారులో ఉన్నమాట చెప్పేవాడు ఒకడున్నాడని మా టీచర్లతో చెబితే ఎవరూ నమ్మలేదు. ఒకసారి చూసి రూఢి చేసుకుందామని."

"మరి ఈ కొండకి?"

"ఇంకా అడుగుతావా?" అని అతని చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

గుర్రాల్ని కట్టే చోట నానమ్మ నల్లఫోన్‌లో, తనని దింపేస్తానన్న కొడుకు ఫోటో మీద వేలు పెట్టి ఓపిగ్గా కూర్చుంది. తెరుచుకోడానికి దాని టైము అది తీసుకుంది. చివరికి గుల్చాలోని కొడుకు ముఖం మసగ్గా తెరమీదికొచ్చింది.

"అమ్మా! దొరికావా! ఒంట్లో బాగుందా?"

"బాగున్నాను. ఫోన్ పనిచేస్తోంది. నేనెక్కడికీ దిగను."

"సరేలే, దిగొద్దు. అదేంటమ్మా, నీ మొహం కనపడట్లేదు? మన చీనారా కనిపిస్తోంది. పక్కన ఎవరో కుర్రాడు, ఒంటిమీద నాన్న కోటు… ఫోన్ తిరగేసి పట్టుకున్నట్టున్నావు, ఇటు తిప్పు."

"సరిగ్గానే పట్టుకున్నాను," అంది బాత్మా నానమ్మ, చెయ్యి కదపకుండా. "నువ్వే కళ్ళజోడు పెట్టుకుని బాగా చూడు."