ఒకే నంబరు, ఇద్దరు నర్సులు

బుధవారం, 27వ తేదీ. ఉదయం 10:40.

పోలీసు సైబర్ విభాగం కౌంటర్ మీద నర్సు ఫైలు పడేసింది. లోపలి కాగితాలు సగం బయటికి జారాయి.

"ఇది నాలుగో ఆఫీసు మేడమ్. మీరూ ఇంకోచోటికి పొమ్మంటే నేనిక కదలను. ఇక్కడే కూర్చుంటా."

ఇన్‌స్పెక్టర్ తలెత్తింది.

"కూర్చోండి. ఏం పోయింది?"

"నేనే పోయాను."

ఆమెకు నర్సుగా పదహారేళ్ల సర్వీసు. ఊరికి అవతలి వైపున్న ప్రైవేట్ ఆస్పత్రిలో 18వ తేదీన ఒక కొత్త నర్సు చేరింది. పేరు ఈమెదే. రిజిస్ట్రేషన్ నంబరూ ఈమెదే. 22న ఆ కొత్త నర్సు ఒక పెద్దాయనకు ఎనిమిది యూనిట్ల ఇన్సులిన్‌కు బదులు పద్దెనిమిది ఇచ్చింది. ఆయన స్పృహ తప్పాడు. ఐసీయూలో పెడితే బతికి బయటపడ్డాడు. గలాటా మొదలయ్యేసరికి కొత్త నర్సు వెనక గేటు నుంచి జారుకుంది.

"దాని ఫొటో ఉంది కదా? మీరు కాదని తెలిసిపోతుందిగా?"

"ఫొటో మీది కాదు, ఒప్పుకుంటాం, కానీ నంబరు మీదేగా అంటున్నారు!" నర్సు జారిన కాగితాలను ఫైల్లోకి తోసింది. "సర్టిఫికెట్ నేనే అద్దెకిచ్చానట. కాదని రుజువయ్యేదాకా సస్పెన్షన్. ఆ పెద్దాయన కొడుకు మా ఇంటికొచ్చి వీధంతా వినేలా అరిచాడు. మా అమ్మాయి రెండు రోజులుగా బడికి పోనంటోంది."

రిజిస్ట్రేషన్ ఇచ్చే నర్సింగ్ కౌన్సిల్ వాళ్లు ఆ ప్రైవేట్ ఆస్పత్రి ఉత్తరం తెమ్మన్నారు. ఆస్పత్రి వాళ్లు పోలీసు ఉత్తరం అడిగారు. స్టేషన్‌లోనేమో ముందు కౌన్సిల్ ఉత్తరం కావాలన్నారు.

ఇన్‌స్పెక్టర్ పెన్ను అందుకుంది.

"మీ సర్టిఫికెట్ కాపీలు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"మా ఆస్పత్రి గుమాస్తా దగ్గర ఒకటి. మా తమ్ముడి దగ్గర ఒకటి. వాడిది జిరాక్స్ షాపు, పోయినేడు స్కాన్ చేసి పెట్టాడు."

"ఇంకెవరికైనా ఇచ్చారా?"

"ఎవరికీ ఇవ్వలేదు."

మధ్యాహ్నం 2:15. జిరాక్స్ షాపు.

తమ్ముడు ఇన్‌స్పెక్టర్‌ను చూడగానే మిషన్ ఆపేశాడు.

"నన్ను అనుమానిస్తున్నారా మేడమ్? తోడబుట్టిన అక్కకు నేను ద్రోహం చేస్తానా?"

"షాపు కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉందా?"

"ఉంది."

"ఏంటది?"

అతను మానిటర్ వైపు చూశాడు. దాని అంచుకే చీటీ అంటించి ఉంది.

ఇన్‌స్పెక్టర్ నుదురు కొట్టుకుంది. వచ్చేపోయే ప్రతి మనిషీ అనుమానితుడే అయ్యాడు.

సాయంత్రం 4:30. నర్సు పనిచేసే ఆస్పత్రి ఆఫీసు గది. గుమాస్తా బీరువా తాళం కోసం పావుగంట వెతికాడు. తీరా చూస్తే బీరువాకు తాళమే వేసి లేదు.

మర్నాడంతా ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్లతోనే గడిచింది. ప్రైవేట్ ఆస్పత్రి నుంచి దొంగ నర్సు దరఖాస్తు రావాలి. "మీ కాల్ మాకు ముఖ్యమైనది" అని ఇరవై ఆరు నిమిషాలు విన్నాక లైను తెగింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే పాట. చివరికి కానిస్టేబుల్‌ను పంపి, దరఖాస్తు చేత్తో తెప్పించుకుంది.

శుక్రవారం ఉదయం 9:05. ఇన్‌స్పెక్టర్ ఆ దరఖాస్తును మూడోసారి చదివింది. దానికి జతచేసిన సర్టిఫికెట్ కాపీ అడుగున చిన్న అక్షరాల్లో చెల్లుబాటు తేదీ ఉంది. ఆమె చూపు అక్కడ ఆగింది.

వెంటనే నర్సుకు ఫోన్ చేసింది.

"మీ రిజిస్ట్రేషన్ ఎప్పుడు రెన్యూవల్ అయింది?"

"ఈ నెలలోనే. 12న పోస్టులో వచ్చింది."

"మీ ఆస్పత్రిలో ఇచ్చారా?"

"ఇంకా లేదు. మా ఇంట్లో బీరువాలోనే ఉంది."

"12 తర్వాత దాన్ని ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూడలేదు."

"ఇంట్లో ఎవరైనా? పక్కింటివాళ్లు? ఫోన్‌లో ఎవరైనా?"

అవతల బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది.

"అయ్యో... ఆయనా? ఆయన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు మేడమ్."

మధ్యాహ్నం 3:00. సైబర్ విభాగంలో పొడవాటి బల్ల. ఒకవైపు నర్సు, ఆమె తమ్ముడు. ఎదురుగా గుమాస్తా. ఆ చివర ఇస్త్రీ చొక్కా వేసుకున్న సలహాదారు. ఒకరి పేరూ కాగితాలూ వాడుకునే గుర్తింపు దొంగల నుంచి కాపాడే సర్వీసుల్లో ఎవరికి ఏది నప్పుతుందో ఫోన్‌లో చెప్పడం అతని ఉద్యోగం.

ఇన్‌స్పెక్టర్ గుమాస్తా వైపు తిరిగింది.

"మీ ఫైల్లో చెల్లుబాటు తేదీ ఏముంది?"

"ఈ నెలాఖరు మేడమ్. పాతదే."

"నీ స్కాన్‌లో?"

"నాదీ పాతదే," అన్నాడు తమ్ముడు.

"దొంగ దరఖాస్తులో ఉన్నది కొత్త తేదీ. అంటే 12 తర్వాత తీసిన కాపీ. సలహాదారు గారూ, మీ దగ్గర ఏ తేదీ ఉంది?"

"నేను ఏ సర్టిఫికెట్టూ చూడలేదండీ."

"14వ తేదీ సాయంత్రం 4:10కి ఈమెతో నలభై రెండు నిమిషాలు వీడియో కాల్ మాట్లాడారు."

"సర్వీసుల గురించి మాట్లాడాం. అంతే."

నర్సు లేచి నిలబడింది.

"నా పేరు మీద ఎవరో సిమ్ తీసుకున్నారని భయపడి మీకు ఫోన్ చేశాను. మూడు సర్వీసులు చూశాను, మూడూ ఒకేలా ఉన్నాయి, ఏది తీసుకోవాలో తోచట్లేదని మొత్తుకున్నాను. మీ నర్సింగ్ లైసెన్సుకు రక్షణ వస్తుందో లేదో చూడాలి, సర్టిఫికెట్ కెమెరాకు దగ్గరగా పట్టుకోండి అన్నారు. పట్టుకున్నాను. కాపాడతానన్న మనిషికి చూపిస్తే బయటివాళ్లకు చూపించినట్టని నాకు తట్టనేలేదు!"

"ఇదంతా ఆమె మాటే కదా," అన్నాడు సలహాదారు.

ఇన్‌స్పెక్టర్ దొంగ నర్సు ఫొటో బల్ల మీద పెట్టింది.

"మధ్యాహ్నం 12:20కి మా కానిస్టేబుల్ ఈ ఫొటో పట్టుకుని మీ ఇంటికెళ్లాడు. తలుపు తీసింది ఈవిడే. మీ చెల్లెలట. పక్క గదిలో ఉంది. పిలవమంటారా?"

అతని భుజాలు జారిపోయాయి.

"మూడుసార్లు నర్సింగ్ ఫైనల్ పరీక్ష పోయింది మేడమ్ దానికి. వార్డు పనంతా వచ్చు. ఒక్క కాగితం లేకే..."

"పనొస్తే ఎనిమిది పద్దెనిమిది ఎలా అయింది?" అంది నర్సు.

అతను బల్ల మీది ఫొటోను బోర్లా తిప్పాడు.

అతన్ని తీసుకెళ్లాక ఇన్‌స్పెక్టర్ ఉత్తరం రాసి, ముద్ర వేసి ఇచ్చింది. నర్సు దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"ఇంతకీ ఏ సర్వీసు తీసుకోమంటారు మేడమ్?"

"దొంగతనం ఆపుతామని ఒట్టేసేవాళ్లను నమ్మకండి. ఎవరైనా అది జరిగాక త్వరగా చెప్పగలరు, అంతే. మీ దగ్గర తక్కువ వివరాలు అడిగేవాళ్లను చూడండి. చేరకముందే ఒకసారి ఫోన్ చేయండి. మనిషి ఎత్తకపోతే వదిలేయండి."

నర్సు మొదటిసారి నవ్వింది. ఆ నవ్వులోనూ విసుగే ఎక్కువ.

ఆ ఉత్తరంతో కౌన్సిల్ కదలడానికి ఇంకో పదిహేడు రోజులు పట్టింది. తొమ్మిది ఫారాలు. ప్రతి దాంట్లోనూ తాను తానేనని సంతకం.

సస్పెన్షన్ ఎత్తేసిన రోజు మధ్యాహ్నం ఆమె నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన కొడుకు ముఖం మాడిపోయింది. అరిచిన మాటలు గుర్తొచ్చి కాబోలు, పక్కకు జరిగి దారిచ్చాడు.

పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్లకు చెయ్యి అడ్డుపెట్టుకుని ఆమెను పరికించాడు.

"ఎవరమ్మా నువ్వు?"

నర్సు చెయ్యి అలవాటుగా సంచిలోని ఫైలు మీదికి పోయింది. కార్డు, ఉత్తరం, సర్టిఫికెట్, అన్నీ తెచ్చింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన ఎదురుగా కూర్చుని తన పేరు చెప్పింది.

"మంచి పేరు," అన్నాడాయన. కాగితమేదీ అడగలేదు.

ఆమె తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.